వడ్డించేవాడు ఎందుకు నిలవడం లేదు

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ఒకదానినొకటి ఆనుకొని, నడిచి తిరగగలిగినంత దగ్గరలో ఉన్న పేటలు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ సందుల్లోని పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, నారాయణగూడ కళాశాలలు, పక్కనే ఉన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా హాళ్లు ప్రతిరోజూ రప్పించే జనంలో ఎక్కువమంది ఇంటి వంటకు దూరంగా బతుకుతున్నవారే కావడంతో, టిఫిన్ సెంటర్లు, మెస్‌లు, బిర్యానీ హోటళ్లు, ఇరానీ చాయ్ దుకాణాలు, హాస్టళ్లు ఈ వీధులకు ఆయువుపట్టుగా మారాయి. ఆతిథ్య రంగం అనగానే పెద్ద నక్షత్రాల హోటళ్లు గుర్తుకు వస్తాయి గాని, డబ్బు తీసుకొని మనిషికి తిండీ నీడా కల్పించే ప్రతి వ్యాపారమూ ఆ రంగంలోనిదే. దాని బరువు మోసేవారిలో అధిక సంఖ్యాకులు కనిపించేది ఇటువంటి చిన్న, మధ్యతరహా చోట్లలోనే. ఈ చోట్లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఇబ్బంది ఒకటి, ‘సర్వర్లు, క్లీనర్లు, మాస్టర్లు కావలెను’ అనే బోర్డు రూపంలో ఎప్పుడూ ఏదో ఒక గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది.

కుర్రాళ్లు ఎందుకు నిలవడం లేదని అడిగితే యజమానులు సాధారణంగా చెప్పే కారణాలు రెండు: పక్క హోటల్ వాడు మరో వెయ్యి ఎక్కువ ఇస్తానంటాడు, ఇప్పటి కుర్రాళ్లకు ఓపిక లేదు. మొదటిదానిలో నిజం ఉంది. తక్కువ జీతానికి ఎవరినీ ఏ మంచి మాటా ఎక్కువ కాలం నిలపలేదు. రెండవది మాత్రం తలకిందులుగా ఉన్న మాట. రోజంతా ఓపిక పట్టడమే ఆ ఉద్యోగం. జీతం చీటీలో ఎక్కడా కనిపించని ఆ ఓపిక అయిపోయిన రోజునే మనిషి సంచి సర్దుకుంటున్నాడు.

ఓపికను అమ్ముకునే ఈ శ్రమకు శాస్త్రీయమైన పేరు పెట్టినవారు అమెరికా సామాజికశాస్త్రవేత్త ఆర్లీ రసెల్ హోక్‌షీల్డ్. 1983లో వెలువడిన ‘ద మేనేజ్డ్ హార్ట్’ అనే గ్రంథంలో ఆమె, డెల్టా విమానయాన సంస్థలో ప్రయాణికులకు సేవలందించే సిబ్బందిని దగ్గరగా పరిశీలించి, చేతులతో చేసే శ్రమ, బుద్ధితో చేసే శ్రమ ఉన్నట్టే భావాలతో చేసే శ్రమ కూడా ఒకటుందని, అది కూలికి అమ్ముడవుతోందని వివరించారు. తెలుగులో దాన్ని భావశ్రమ అనవచ్చు: తన లోపల కలిగిన కోపాన్నో, విసుగునో, దిగులునో అణచుకొని, యజమాని కోరిన భావాన్ని ముఖంలో, గొంతులో, నడకలో చూపించవలసి రావడమే భావశ్రమ. ఇంట్లో అతిథికి కాఫీ ఇచ్చేటప్పుడు కూడా మనిషి తన చిరాకును దాచుకుంటాడు. అయితే ఆ పని ఎవరి కోసం చేయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ అతనికి ఉంటుంది. గోదావరి సీమలో లంకల గన్నవరంలో వేళగాని వేళల్లో కూడా అన్నార్తులకు వడ్డించిన డొక్కా సీతమ్మ గారి ఔదార్యాన్ని తెలుగువారు నేటికీ తలచుకుంటారు, తలచుకోవలసిందే. కాని అది ఆమె తన ఇంట, తన ఇష్టంతో చేసిన దానం. నెల జీతానికి నిలబడ్డ ఇరవయ్యేళ్ల కుర్రాడి నుంచి అదే చిరునవ్వును హక్కుగా ఆశించే సమాజం, ఆ రెంటికీ మధ్య ఉన్న దూరాన్ని పట్టించుకోవడం లేదు.

భావశ్రమలో రెండు విధాలున్నాయి. లోపల ఒకటి అనుభవిస్తూ పైకి మరొకటి కనబరచడాన్ని పైపై నటన అంటారు. అలా కాక, ఎదుటివాడు ఎందుకు అరుస్తున్నాడో ఊహించుకొని, అతని స్థితిని అర్థం చేసుకొని, తన లోపలి భావాన్నే మార్చుకొనే ప్రయత్నాన్ని లోతైన నటన అంటారు; విమాన సిబ్బందికి శిక్షణలో, విమానాన్ని తమ ఇంటి ముందుగదిగా, ప్రయాణికులను ఇంటికి వచ్చిన చుట్టాలుగా భావించుకోమని నేర్పేది దీనినే. ఈ విషయంపై మూడు దశాబ్దాల పాటు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి 2011లో ప్రచురించిన ఒక విశ్లేషణ, పైపై నటన మనిషి మానసిక ఆరోగ్యాన్ని క్రమంగా దెబ్బతీస్తుందని, లోతైన నటనకు అంత చెరుపు లేదని తేల్చింది. చిక్కడపల్లి టిఫిన్ సెంటర్‌కు ఈ తేడా ఎంతో ముఖ్యమైనది, ఎందుకంటే లోతైన నటనకు సమయం కావాలి, ఎదుటి మనిషి గురించి కొంచెమైనా తెలిసి ఉండాలి. ఉదయం ఎనిమిదిన్నర గిరాకీలో ఆ రెండూ దొరకవు.

ఇక్కడి ప్రత్యేకత ఏమంటే, బల్లకు అటువైపు కూర్చున్నవారు కూడా తేలికైన మనసుతో వచ్చినవారు కారు. అశోక్‌నగర్ మెస్‌లలో తినేవారిలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి చదువుతున్న యువకులు, యువతులు. తెలంగాణ గ్రూప్-1 ఉదంతం ఒక్కటి చూసినా వారి స్థితి అర్థమవుతుంది. 2022 అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాల లీకేజీ కారణంగా 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ జరిగిన పరీక్షను అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరులో అశోక్‌నగర్ వీధుల్లో అభ్యర్థుల ఆందోళనల నడుమ మెయిన్స్ జరిగాయి. ఒకే పరీక్ష కోసం రెండేళ్లకు పైగా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటూ, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గదిలో సర్దుకుంటూ గడిపినవారికి సాంబారు చల్లగా ఉండడం ఒక్కోసారి చివరి చుక్క అవుతుంది. కోపం రావడానికి కారణమైన వ్యవస్థ వారికి అందదు. ఎదురుగా బకెట్ పట్టుకొని నిలబడ్డ సర్వర్ అందుతాడు. అతనూ వారి వయసువాడే, అతనూ ఊరు విడిచి వచ్చినవాడే. పాలమూరు నుంచో, ఒడిశా నుంచో, బిహార్, పశ్చిమ బెంగాల్ నుంచో వచ్చి, తనకు సగమే అర్థమైన భాషలో తిట్టు పడి, పూర్తిగా అర్థమైనట్టు తలూపవలసినవాడు.

అతని పని తీరును కొంచెం దగ్గరగా చూడాలి. తొమ్మిది గంటల క్లాసుకు వెళ్లవలసినవారంతా ఒక్కసారిగా వచ్చే అరగంటలో, సర్వర్ ఒక చేతిలో ఇడ్లీ, వడ ప్లేట్లు ఉంటాయి, మరో చేతిలో చట్నీ గిన్నెలు. ఒక బల్ల వారు ‘ఇంకా ఎంతసేపు’ అంటారు, మరో బల్ల వారు నీళ్లు అడుగుతారు, పార్శిల్ కోసం డెలివరీ కుర్రాడు ఫోన్‌లో ఆర్డర్ నంబర్ చూపిస్తూ తొందరపెడతాడు, గల్లా దగ్గరి నుంచి ‘మూడో బల్ల బిల్లు’ అనే కేక వినిపిస్తుంది. వీటన్నిటికీ జవాబు ఉన్నది పెనం దగ్గర. ఆ పెనం ముందున్న దోశ మాస్టర్ జీతంలోనూ, గౌరవంలోనూ సర్వర్ కంటే పైవాడు. మాస్టర్ మానేస్తే దుకాణం ఆ రోజు మూతపడుతుంది, సర్వర్ మానేస్తే మరొకడు వస్తాడు. అయినా రెండు మసాలా, ఒక పెసరట్టు త్వరగా ఇమ్మని మాస్టర్‌ను తొందరపెట్టవలసినవాడు సర్వరే. పైవాడిని కిందివాడు ఆజ్ఞాపించవలసి వచ్చే ఈ విపరీతంలో, మాస్టర్ విసుక్కుంటాడు, వంతు తప్పిస్తాడు, వినిపించుకోనట్టు పిండి తిప్పుతూ ఉంటాడు. ఆలస్యానికి తిట్లు మాత్రం బల్ల దగ్గర సర్వర్‌కే పడతాయి.

ఇదే విషయాన్ని విలియం ఫుట్ వైట్ అనే సామాజికశాస్త్రవేత్త 1940లలో చికాగో రెస్టారెంట్లలో గమనించి, 1948లో గ్రంథంగా వెలువరించారు. రద్దీ వేళ కొందరు వడ్డించే స్త్రీలు ఏడ్చేస్తున్నారని, కొందరు ఏడవడం లేదని చూసి, తేడా ఎక్కడుందని ఆయన ఆరా తీశారు. గిరాకీ తమను నడిపించేదాకా ఆగకుండా, కూర్చున్న వెంటనే పలకరించి, ఏది త్వరగా వస్తుందో తామే చెప్పి పరిస్థితిని తమ చేతిలోకి తీసుకోగలిగినవారు నిలదొక్కుకుంటున్నారు. ఆ వెసులుబాటు లేనివారు, పైన ఉన్న సూపర్‌వైజర్ అండ లేనివారు కుప్పకూలుతున్నారు. వంటవాడికీ వడ్డించేవారికీ మధ్య మాటలకు బదులు రాసిన చీటీ నడిస్తే, లేదా మధ్యలో కొంచెం ఎత్తైన కౌంటర్ ఉంటే గొడవలు తగ్గుతాయనీ ఆయన గుర్తించారు, ఎందుకంటే అప్పుడు ఆజ్ఞాపించేది మనిషి కాదు, కాగితం.

నేటి హైదరాబాద్ టిఫిన్ సెంటర్లలో కనిపించే టోకెన్ పద్ధతి ఈ సూత్రానికి దగ్గరి బంధువే. తినేవాడు ముందే డబ్బు కట్టి, చీటీ తీసుకొని, పెనం దగ్గర ఇస్తాడు. సర్వర్ నలిగిపోవడం తగ్గుతుంది. అయితే ఆ ఒత్తిడి మాయం కాలేదు, చోటు మారింది. చీటీలు పట్టుకొని పెనం చుట్టూ మూగిన ఇరవై మంది ‘అన్నా, నాది ముందు’ అంటూ చేతులు చాచినప్పుడు, ఇంతకాలం లోపల ఉండి తన పని తాను చేసుకున్న మాస్టర్ ఇప్పుడు వేడికీ, జనానికీ ఒకేసారి ముఖం చూపవలసి వస్తోంది. చీటీ మీద వరుస సంఖ్య వేసి, పిలిచేవరకు దగ్గరకు రాకుండా చూసే చోట ఈ కొత్త భారం చాలావరకు దిగిపోతుంది. ఇంత చిన్న ఏర్పాటు చేయడానికి ఖర్చు దాదాపు లేదు. అయినా దాన్ని జనాన్ని నడిపించే ఉపాయంగా చూస్తారే తప్ప, పనివాడి మనసును కాపాడే ఉపాయంగా ఎవరూ చూడరు.

దీర్ఘకాలం ఇలా సాగితే వచ్చే స్థితిని 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మానసిక శాస్త్రవేత్త బర్నవుట్ అన్నారు. తెలుగులో ఉద్యోగ దహనం అనే కంటే ఉద్యోగంలో అరిగిపోవడం అంటే అర్థం సూటిగా అందుతుంది. దాన్ని కొలిచే పద్ధతిని 1980లలో రూపొందించిన మానసిక శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ అందులో మూడు లక్షణాలను చూపారు: భావాలు పూర్తిగా ఖాళీ అయినట్టుండే అలసట, ఎదుటి మనుషులను మనుషులుగా చూడలేని మొద్దుబారినతనం, తాను చేసే పనికి విలువ లేదనే నమ్మకం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వ్యాధిగా కాక, సరిగా నిభాయించని ఉద్యోగ ఒత్తిడి వల్ల కలిగే స్థితిగా తన వర్గీకరణలో వివరించింది. వీటిలో రెండవ లక్షణాన్నే జనం ఎక్కువగా అపార్థం చేసుకుంటారు. పిలిచినా పలకని, ప్లేటును బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టే, కళ్లలోకి చూడని సర్వర్‌ను పొగరుబోతు అంటారు; చాలా సందర్భాల్లో అతను ఇక పడలేక, తనను తాను కాపాడుకోవడానికి మనసు తలుపు మూసుకున్నవాడు. ఆ మూసుకోవడమే ఇంకో ఫిర్యాదుకు, ఆ ఫిర్యాదు యజమాని చీవాట్లకు, అవి మరింత మూసుకోవడానికి దారితీస్తాయి.

అరిగిన మనసు తిరిగి పుంజుకోవడానికి విశ్రాంతి కావాలి, కాని పడుకోవడమే విశ్రాంతి కాదు. జర్మన్ పరిశోధకురాలు సబీనా జోనెన్‌టాగ్, పని గంటలు ముగిశాక పని గురించిన ఆలోచన నుంచి కూడా మనిషి బయటపడగలిగినప్పుడే అలసట తీరుతుందని తన అధ్యయనాలలో చూపారు. ఇక్కడి పనివారికి అది దొరకడం కష్టం. యజమానులు వసతి కల్పించడం నిజంగా మేలే, ఈ పేటల్లో అద్దెలు చూస్తే అది చిన్న మేలు కాదు. అయితే ఆ వసతి హోటల్ పై అంతస్తులోనో, వెనక సందులోనో ఉండి, పగలంతా కలిసి పనిచేసిన ఆరుగురే రాత్రి పక్కపక్కన పడుకొని, సరుకు దించడానికి ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియని స్థితిలో పని ఎక్కడ ఆగి బతుకు ఎక్కడ మొదలవుతుందో చెప్పలేము. దీనికి తోడు ఉదయం టిఫిన్, మధ్యాహ్నం భోజనం, రాత్రి టిఫిన్ అనే మూడు విడతలుగా రోజును ముక్కలు చేసే బ్రేక్ షిఫ్ట్‌లో మధ్యలో మిగిలే గంటలు ఊరెళ్లడానికీ చాలవు, నిద్రకూ చాలవు. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారానికొక సెలవు అన్నవి 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం పెట్టిన సాధారణ హద్దులు. రద్దీ చూసి ఇచ్చే సెలవు సెలవు కాదు. ఏ రోజు వస్తుందో ముందే తెలిసిన సెలవు కోసమే మనిషి ఎదురుచూస్తూ మిగిలిన ఆరు రోజులు లాగగలుగుతాడు.

హాస్టళ్లలో వంట చేసే, గదులు ఊడ్చే స్త్రీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. అమ్మాయిల హాస్టల్‌లో వంట చేసే అక్క కూర వడ్డించడంతో ఆగదు. ఫలితాలు వచ్చిన రోజు ఏడ్చే పిల్లను ఓదార్చేదీ, జ్వరం వస్తే జావ కాచి ఇచ్చేదీ, రాత్రి ఆలస్యమైతే వార్డెన్‌కు సర్దిచెప్పేదీ ఆమే. ఇది మనస్ఫూర్తిగా చేసే పనే కావచ్చు, అయినా శ్రమే. ఇంటికి వెళ్లి మళ్లీ తన పిల్లల దగ్గర ఇదే మొదలుపెట్టాలి కాబట్టి ఆమె అలసట రెట్టింపు. పని చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, పదిమంది కంటే తక్కువ పనివారున్న చోట పనిచేసే స్త్రీ కూడా జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చని చెబుతోంది; ఆ కమిటీ చిరునామా హాస్టల్ గోడ మీద అంటించి ఉంటే మేలు.

ఇంత బరువు మోస్తున్నా మనిషి వెంటనే మానేయడు. ఉద్యోగులు ఎందుకు వెళ్లిపోతారన్న ప్రశ్నకు 1958లోనే పరిశోధకులు జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ ఒక స్పష్టమైన జవాబు చెప్పారు: వెళ్లాలనే కోరిక, వెళ్లడం ఎంత తేలిక అన్న అంచనా, ఈ రెండూ కలిసినప్పుడు. ఈ మూడు పేటల్లో రెండవది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, రోడ్డు దాటితే మరో హోటల్. 1994లో మరో ఇద్దరు పరిశోధకులు థామస్ లీ, టెరెన్స్ మిచెల్ మరో మెట్టు ముందుకు వెళ్లి, చాలామంది నెమ్మదిగా పెరిగిన అసంతృప్తితో కాక, ఒక కుదుపుతో వెళ్లిపోతారని చెప్పారు. ఆ కుదుపు బయటివారికి చిన్నగా కనిపించవచ్చు: పగిలిన గ్లాసు డబ్బు జీతంలో కోయడం, తల్లికి బాగోలేదంటే సెలవు ఇవ్వకపోవడం, అన్నిటికీ మించి, తప్పు తనది కాదని తెలిసి కూడా యజమాని గిరాకీ ముందు తననే తిట్టడం. తినేవాడి తిట్టును సర్వర్ మరిచిపోగలడు, అతను మళ్లీ రాకపోవచ్చు. తనకు అండగా నిలబడవలసినవాడే ఎదురు తిరిగిన క్షణాన్ని మరిచిపోడు.

మనుషులు ఎందుకు వెళతారని కాక, ఎందుకు ఉండిపోతారని అడగాలని 2001లో మిచెల్, లీ, మరికొందరు ప్రతిపాదించారు. పనిచోట ఉన్న మనుషులతో బంధాలు, ఆ చోటు తనకు సరిపోయిందన్న భావన, వెళితే పోగొట్టుకునేవి, ఈ మూడు పోగులు మనిషిని ఒకచోట ముడివేస్తాయి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటుండదని తెలుగువారి సామెత. నెల కార్డు తీసుకొని మెస్‌లో తినే విద్యార్థికి ఇది అక్షరాలా అనుభవం. ఏ కుర్రాడికి పెరుగు ఎక్కువ కావాలో, ఎవరు కారం తినరో, ఎవరు నెలాఖరుకు డబ్బు ఇవ్వలేక తల వంచుకుంటారో తెలిసిన సర్వర్‌కు ఆ విద్యార్థులు కూడా మనవారే అవుతారు, వారి విసుగును అతను అర్థం చేసుకోగలుగుతాడు, పైన చెప్పిన లోతైన నటన అప్పుడు నటనగా కూడా మిగలదు. మూడు నెలలకొకసారి మనిషి మారిపోయే చోట ఈ బంధం పుట్టే అవకాశమే లేదు. కొత్తవాడికి అందరూ కొత్తవారే, అందరి కోపమూ కొత్తదే. అంటే సిబ్బంది నిలవకపోవడం మానసిక ఒత్తిడికి ఫలితం మాత్రమే కాదు, కారణం కూడా.

ఈ బంధాలు రెండంచుల కత్తి కూడా. ఒకే ఊరి నుంచి ఒకరి ద్వారా ఒకరు వచ్చిన నలుగురిలో ఒకడికి అవమానం జరిగితే నలుగురూ వెళ్లిపోతారు. 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు, మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే తొలి శ్రామిక్ రైలు దాదాపు 1,200 మందితో బయలుదేరినప్పుడు, ఊరితో ఉన్న ముడి ముందు వలస కార్మికులకు నగరంతో ఉన్న ముడి ఎంత పలచనిదో లోకం చూసింది.

మనుషులను నిలపడానికి కొందరు ఎంచుకునే దారి అడ్వాన్స్ ఇచ్చి కట్టిపడేయడం, లేదా నెల జీతం వెనక పెట్టుకోవడం. ఇది ఉంచడం కాదు, ఆపడం. బాకీ చూపి మనిషిని పనిలో బంధించడం 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కింద నేరం. అంత దూరం పోకపోయినా, వెళ్లలేక ఉండిపోయినవాడు వడ్డించే తీరు ఏ గిరాకీకైనా తెలిసిపోతుంది. చిరునవ్వు ఎలా నవ్వాలో నేర్పే శిక్షణలూ ఇలాంటివే. యజమాని ప్రవర్తన మారకుండా సర్వర్ ముఖం మార్చాలనుకోవడం భారాన్ని మోస్తున్నవాడి మీదే మరో మూట పెట్టడం. ముందుగా మారవలసింది గల్లా దగ్గరి మాట. గిరాకీ హద్దు మీరినప్పుడు యజమాని లేచి వచ్చి, సర్వర్‌ను పక్కకు పంపి, సమస్యను తాను అందుకుంటే, ఆ ఒక్క పనికి ఉన్న విలువ ఏ బోనస్‌కూ లేదు. తప్పు నిజంగా సర్వర్‌దే అయినా, దాన్ని హోటల్ కట్టేశాక చెప్పవచ్చు.

నిలకడకు చట్టం ఇచ్చే బహుమతులు ఉన్నాయి గాని, అవి నిలవనివారికి అందవు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే హోటల్‌లో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ అనే ఉద్యోగుల ప్రభుత్వ బీమా వర్తిస్తుంది. ఉద్యోగి వాటా వేతనంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. ఆ చందాతో కుటుంబానికి వైద్యం దొరకడమే కాక, జబ్బుపడి పనికి రాలేని రోజులకు జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. కాని అందుకు ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. గ్రాట్యుటీకి సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఐదేళ్ల నిరంతర సేవ కావాలి. చందా కట్టకుండా చేతికి ఎక్కువ జీతం ఇస్తామనే హోటల్‌కు మారిన కుర్రాడికి, తాను ఏం వదులుకున్నాడో చెప్పేవారు లేరు. చేరిన రోజునే అతని సొంత భాషలో ఈ లెక్క చెప్పి, ఈఎస్ఐ నంబరు రాసి చేతికిచ్చి, వారపు సెలవు ఏ రోజో, పండుగకు ఊరెళ్లే తేదీ, తిరిగి రావలసిన తేదీ, ఆ మధ్య అతని బల్లలు ఎవరు చూస్తారో అన్నీ నోటు పుస్తకంలో రాసిపెట్టే యజమాని, తన దగ్గర పనిచేసే మనిషికి రేపు ఉందని ఒప్పుకున్నవాడవుతాడు. ఛఠ్ పూజకో, దసరాకో, సంక్రాంతికో ఊరెళ్లిన పనివాడు తిరిగి వస్తాడా రాడా అన్నది చాలావరకు ఆ పుస్తకంలోని వరుసల మీద ఆధారపడి ఉంటుంది.